ఎఫ్‌1 నొక్కితే మాన్యువల్ తెరుచుకోవాలంటే: సోర్స్ కోడ్ నుంచి ఇన్‌స్టాల్ చేసేవారి ప్రశ్నలు

ఈసారి మాకు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం బెంగళూరు పాఠకులవే. ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ను సోర్స్ కోడ్ (ప్రోగ్రామర్లు రాసిన మూల పాఠం) నుంచి తామే కంపైల్ చేసుకున్నవారు, అంటే నడిచే ప్రోగ్రామ్‌గా మార్చుకున్నవారు, ప్రోగ్రామ్ నడుస్తున్నా దాని మాన్యువల్ మాత్రం దొరకడం లేదని రాశారు. కమాండ్లను ఇక్కడ పలికే తీరులోనే తెలుగు లిపిలో ఇస్తున్నాము; టెర్మినల్‌లో వాటిని ఆంగ్ల అక్షరాలతో టైప్ చేయాలి.

ప్రశ్న: మా నాన్నగారికి చిక్కపేటలో చీరల దుకాణం ఉంది. ఇన్నాళ్ళూ చిట్టా పుస్తకంలో రాసుకున్న లెక్కలను కంప్యూటర్‌లోకి మార్చాలని గ్నూక్యాష్ అనే జమాఖర్చుల ప్రోగ్రామ్‌ను ఎంచుకున్నాను. మా ఉబుంటు లైనక్స్‌లో దొరికేది పాత వెర్షన్ కావడంతో 5వ శ్రేణి సోర్స్ కోడ్‌ను దించుకుని, కంపైల్ చేసి, ఆప్ట్ ఫోల్డర్‌లో ఇన్‌స్టాల్ చేశాను. ప్రోగ్రామ్ బాగానే తెరుచుకుంటోంది. ఎఫ్‌1 నొక్కితే మాత్రం సహాయ పత్రాల ఫైళ్ళు కనబడలేదని, గ్నూక్యాష్ డాక్స్ ప్యాకేజీ సరిగా ఇన్‌స్టాల్ కాకపోయి ఉండవచ్చని సందేశం వస్తోంది. కంపైల్ చేసేటప్పుడు ఎక్కడా ఎర్రర్ రాలేదు. మరి ఏం తక్కువైంది?
— ఒక పాఠకురాలు, మారతహళ్ళి

సమాధానం: మీరు చేసిన పనిలో లోపమేమీ లేదు. గ్నూక్యాష్ ప్రోగ్రామ్ ఒక సోర్స్, దాని పుస్తకాలు మరొక సోర్స్. మీరు దించుకున్న కట్టలో ప్రోగ్రామ్ మాత్రమే ఉంది. మాన్యువల్, దానితోపాటు జమాఖర్చుల సూత్రాలను మొదటినుంచి నేర్పే ట్యుటోరియల్ గైడ్, రెండూ గ్నూక్యాష్ డాక్స్ అనే విడి కట్టలో విడుదలవుతాయి. కంపైల్ చేసేటప్పుడు ఎర్రర్ రాకపోవడానికి కారణం ఇదే. అక్కడ లేని పుస్తకాల గురించి ప్రోగ్రామ్ సోర్స్ మిమ్మల్ని ఏమీ అడగదు. చిత్రాలను సవరించే జింప్ విషయంలోనూ ఇదే పద్ధతి. దాని సహాయ పుస్తకం కూడా విడి సోర్స్‌గానే వస్తుంది.

ముందుగా ఒక మాట. కొత్త వెర్షన్‌లోని సదుపాయం ఏదో మీకు నిజంగా అవసరమైతే తప్ప, ఉబుంటు ఇచ్చే గ్నూక్యాష్, గ్నూక్యాష్ డాక్స్ ప్యాకేజీలను ఏప్ట్‌తో (ఉబుంటు ప్యాకేజీలను దించి వేసే కమాండ్) వేసుకోవడమే దుకాణం లెక్కలకు మేలు, ఎందుకంటే ఉబుంటు విడుదల చేసే సవరణలు మామూలు అప్‌డేట్లతోపాటే వస్తాయి. అయితే మీరు ఇప్పటికే సగం దూరం వచ్చారు కాబట్టి, మిగిలిన సగం ఎలాగో చెబుతాను.

మీ గ్నూక్యాష్ ఏ వెర్షనో చూసుకుని, అదే శ్రేణికి చెందిన డాక్స్ సోర్స్‌ను ప్రాజెక్టు వారి అధికారిక చోటునుంచే దించుకోండి. దానితోపాటు ఇచ్చే షా256 సంఖ్యను (ఫైలు మారలేదని తేల్చే సంఖ్య), మీ కంప్యూటర్‌లో షా256సమ్ కమాండ్ చూపే సంఖ్యతో పోల్చి చూసుకోవడం మరువకండి. ఈ పుస్తకాలు డాక్‌బుక్ అనే ఎక్స్ఎంఎల్ పద్ధతిలో రాసినవి. వాటిని చదవదగిన పుటలుగా మార్చడానికి ఎక్స్ఎస్ఎల్‌టీప్రాక్ అనే పరికరం, డాక్‌బుక్ ఎక్స్ఎస్ఎల్ స్టైల్‌షీట్లు (పుటల రూపాన్ని నిర్ణయించే ఫైళ్ళు), కంపైల్‌ను సిద్ధం చేసే సీమేక్ ఉండాలి. ఈ మూడింటిలో చాలామంది మరచిపోయేది స్టైల్‌షీట్లనే. అవి లేనప్పుడు ‘ఫెయిల్డ్ టు లోడ్ ఎక్స్‌టర్నల్ ఎంటిటీ’ అని, దాని పక్కన ఏదో వెబ్ చిరునామాతో ఎర్రర్ వస్తుంది. అది చూసి ఇంటర్నెట్ పోయిందనుకుని రౌటర్‌ను ఆపి మళ్ళీ వేసేవారు ఉన్నారు. అసలు సంగతి ఏమిటంటే, స్టైల్‌షీట్ మీ కంప్యూటర్‌లోనే ఉంటే పరికరం దాన్నే వాడుకుంటుంది. లేకపోతేనే బయటి చిరునామాను వెతుకుతుంది. డాక్‌బుక్ ఎక్స్ఎస్ఎల్ ప్యాకేజీని ఏప్ట్‌తో వేసుకుంటే ఆ ఎర్రర్ పోతుంది.

తర్వాత సోర్స్ ఫోల్డర్ బయట బిల్డ్ అని ఒక ఖాళీ ఫోల్డర్ చేసి, అందులోనుంచి సీమేక్‌ను నడపండి. ఇక్కడే అన్నిటికన్నా ముఖ్యమైన నిర్ణయం ఉంది. సీమేక్ ఇన్‌స్టాల్ ప్రిఫిక్స్ (ఫైళ్ళు చేరవలసిన ఫోల్డర్) అనే విలువకు గ్నూక్యాష్‌ను ఎక్కడ పెట్టారో సరిగ్గా ఆ ఫోల్డర్‌నే ఇవ్వండి. ఏమీ ఇవ్వకపోతే పుస్తకాలు యూఎస్ఆర్ ఫోల్డర్‌లోని లోకల్‌లోకి వెళ్తాయి, ప్రోగ్రామ్ ఆప్ట్‌లో ఉండిపోతుంది. రేపు ఒకదాన్ని తీసేసినప్పుడు రెండోది అనాథగా మిగులుతుంది. సీమేక్ ముగిశాక పుస్తకాలను తయారుచేసే మేక్ కమాండ్, ఆ తర్వాత వాటిని ఆ ఫోల్డర్‌లో పెట్టే మేక్ ఇన్‌స్టాల్ కమాండ్ ఇవ్వండి.

ఇంతటితో పని పూర్తయిందనుకుని ఎఫ్‌1 నొక్కితే మళ్ళీ అదే సందేశం రావచ్చు. నిరాశపడకండి. లైనక్స్‌లో గ్నూక్యాష్ తన పుస్తకాలను తానే చూపదు. యెల్ప్ అనే సహాయ దర్శినిని పిలిచి, ఫలానా పుస్తకాన్ని తెరవమని చెబుతుంది. యెల్ప్ ఆ పుస్తకాన్ని ఎక్స్‌డీజీ డేటా డైర్స్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో (ప్రోగ్రాములన్నీ చూసే సెట్టింగులో) ఉన్న ఫోల్డర్లలో వెతుకుతుంది. ఆ వేరియబుల్‌కు విలువ ఏదీ ఇవ్వనప్పుడు వెతికేవి రెండే: యూఎస్ఆర్ లోకల్‌లోని షేర్, యూఎస్ఆర్‌లోని షేర్. మీ ఆప్ట్ ఫోల్డర్ ఆ రెండింటిలోనూ లేదు. కాబట్టి మీ హోమ్ ఫోల్డర్‌లోని డాట్ ప్రొఫైల్ ఫైలులో ఆ వేరియబుల్‌కు మీ ప్రిఫిక్స్‌లోని షేర్ ఫోల్డర్‌ను ముందు చేర్చి, పాత విలువలను దాని వెనకే కోలన్‌తో ఉంచి, లాగౌట్ అయి మళ్ళీ లాగిన్ అవ్వండి. పాత విలువలను చెరిపేస్తే డెస్క్‌టాప్‌లోని మిగతా ప్రోగ్రాముల మెనూలు మాయమవుతాయి, జాగ్రత్త. గ్నూక్యాష్ తన సెట్టింగుల స్కీమాలను (ఏయే సెట్టింగులు ఉన్నాయో చెప్పే ఫైళ్ళను) వెతికేది కూడా ఇదే వేరియబుల్ ద్వారా కాబట్టి, ఈ ఒక్క మార్పు పుస్తకాలకే కాక ప్రోగ్రామ్ స్థిరంగా నడవడానికీ పనికివస్తుంది.

కుబుంటు వంటి కేడీఈ డెస్క్‌టాప్ వాడుతున్నట్టయితే యెల్ప్ మొదటినుంచీ ఉండకపోవచ్చు. అప్పుడు దాన్ని ఏప్ట్‌తో వేసుకోవాలి.

ఒక్కరే వాడే కంప్యూటర్ అయితే నేను ఆప్ట్‌ను కాక, హోమ్‌లోని డాట్ లోకల్ ఫోల్డర్‌నే ప్రిఫిక్స్‌గా సూచిస్తాను. అందులోని షేర్ ఫోల్డర్‌ను యెల్ప్ ఎలాగూ చూస్తుంది. సూడో (అడ్మినిస్ట్రేటర్ అనుమతి) అక్కర లేదు. వేరియబుల్‌ను మార్చే పని కూడా తప్పుతుంది.

ఇంత శ్రమ దేనికని మీకు అనిపించవచ్చు. మీ దుకాణానికి సంబంధించిన కారణం ఒకటి చెబుతాను. ఆ ట్యుటోరియల్ గైడ్‌లో భారతీయ జీఎస్‌టీ కోసం గ్నూక్యాష్‌ను సిద్ధం చేసుకునే విధానం మీద ఒక అధ్యాయమే ఉంది. రాష్ట్రంలోపలి అమ్మకంలో పన్ను సీజీఎస్‌టీ, ఎస్‌జీఎస్‌టీలుగా సమానంగా చీలుతుంది. రాష్ట్రం దాటితే ఐజీఎస్‌టీ అవుతుంది. కంచి నుంచో ధర్మవరం నుంచో సరుకు తెప్పించుకునే దుకాణంలో ఈ రెండు రకాల బిల్లులూ ఒకే రోజున రావచ్చు. వాటికి ఖాతాలు, పన్ను పట్టికలు ఎలా ఏర్పరచుకోవాలో తెలియకుండా ఎంట్రీలు మొదలుపెడితే, ఏడాది చివర లెక్కలు సరిచేయడం తలకు మించిన భారమవుతుంది. ఆ అధ్యాయం చదివాకే మీ నాన్నగారి మొదటి ఎంట్రీ వేయండి.

ఇంకొకటి. మీరు ఈసారి మళ్ళీ కంపైల్ చేయవలసి వస్తే, సీమేక్‌లో ఆక్‌బ్యాంకింగ్‌ను ఆఫ్ చేయండి. అది ప్రధానంగా జర్మనీ బ్యాంకులతో నేరుగా మాట్లాడడానికి ఉద్దేశించినది. మన బ్యాంకులకు దానితో పని లేదు, దానికోసం అదనపు లైబ్రరీలు తెచ్చుకోవడం మాత్రం మిగులుతుంది. ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ ఫైలుగా లెక్కలు దాచుకోవాలనుకుంటే మాత్రం లిబ్‌డీబీడీ ఎస్‌క్యూలైట్3 ప్యాకేజీ ఉండేలా చూసుకోండి. అది లేకపోతే సేవ్ విండోలో ఆ ఎంపికే కనిపించదు.

ప్రశ్న: మా మామగారు తెర మీద చదవలేరు. గ్నూక్యాష్ గైడ్‌ను పీడీఎఫ్‌గా తీసి, మధ్యమధ్య తెలుగులో వివరణలు చేర్చి, ప్రింట్ చేయించి ఇవ్వాలనుకున్నాను. సోర్స్‌లోనే తెలుగు వాక్యాలు చేర్చి పీడీఎఫ్ తయారుచేస్తే, తెలుగు అక్షరాలు ఉండవలసిన ప్రతిచోటా హ్యాష్ గుర్తులు వచ్చాయి. ఫైలు పాడైందా?
— ఒక పాఠకుడు, కె.ఆర్.పురం

సమాధానం: ఫైలు పాడవలేదు. డాక్‌బుక్‌ను పీడీఎఫ్‌గా మార్చేది అపాచీ ఎఫ్‌ఓపీ అనే ప్రోగ్రామ్. వాడుతున్న ఫాంట్‌లో ఒక అక్షరానికి రూపం లేనప్పుడు అది ఆ చోట హ్యాష్ గుర్తు పెడుతుంది. ఏ ఫాంటూ చెప్పనప్పుడు ఎఫ్‌ఓపీ వాడేవి పీడీఎఫ్ ప్రమాణంలోని 14 మూల ఫాంట్లు. వాటిలో తెలుగు లేదు. తెలుగు ఫాంట్‌ను సెట్టింగుల ఫైలులో నమోదు చేయవచ్చు, కాని అక్షరాలు కనబడినంత మాత్రాన ఒత్తులు, గుణింతాలు సరైన చోట కూర్చుంటాయని కాదు. మీ అవసరానికి ఆ దారిలో వెళ్ళవద్దనే నా సలహా.

దానికి బదులు డాక్స్ బిల్డ్ ఫోల్డర్‌లో మేక్ హెచ్‌టీఎంఎల్ అనండి. తయారైన పుటలను ఫైర్‌ఫాక్స్‌లో తెరిచి, ప్రింట్ విండోలోనుంచి పీడీఎఫ్‌గా భద్రపరచండి. ఫైర్‌ఫాక్స్‌లో అక్షరాలను పేర్చే పని హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీది. ‘స్త్రీ’, ‘క్ష్మి’ వంటి సంయుక్తాక్షరాలను అది చక్కగా కూర్చుతుంది. కంప్యూటర్‌లో నోటో సాన్స్ తెలుగు కాని, లోహిత్ తెలుగు కాని ఉంటే చాలు. లిబ్రెఆఫీస్ రైటర్‌లోనూ ఇదే లైబ్రరీ ఉంది కాబట్టి, వివరణలు ఎక్కువగా రాయాలనుకుంటే అధ్యాయాన్ని అందులోకి తెచ్చుకుని రాయడం ఇంకా సులువు. ప్రింట్ షాపుకు తీసుకువెళ్ళవలసింది పీడీఎఫే కాని రైటర్ ఫైలు కాదు. అక్కడి కంప్యూటర్‌లో మీ ఫాంట్ లేకపోతే పుటల సర్దుబాటు అంతా మారిపోతుంది. పెద్దవారి కోసం కాబట్టి అక్షరాల పరిమాణం 14 పాయింట్లకు తగ్గకుండా చూడండి.

ప్రశ్న: యలహంకలో ఇంజినీరింగ్ చదువుతున్నాను. కాలేజీ ల్యాబ్‌లో మాకు సూడో అనుమతి లేదు. గణిత లెక్కలు చేసే ఆక్టేవ్ ప్రోగ్రామ్ సోర్స్‌ను గిట్ (సోర్స్ కోడ్‌ను దాచే వ్యవస్థ) నుంచి తెచ్చుకుంటే, కంపైల్‌ను సిద్ధం చేసే కాన్ఫిగర్ ఫైలే కనిపించలేదు. సీనియర్ల సలహాతో ఎలాగో ఇన్‌స్టాల్ చేశాను కాని, హెల్ప్ ప్లాట్ అని టైప్ చేస్తే ఎట్ గుర్తులతో నిండిన గజిబిజి పాఠం వస్తోంది. మళ్ళీ మొదటినుంచి కంపైల్ చేయాలా?
— ఒక విద్యార్థి, యలహంక

సమాధానం: అక్కరలేదు. ఆ గజిబిజి పాఠానికి పైన, టెక్సిన్ఫో (మాన్యువళ్ళు రాసే ఒక పద్ధతి) ఫిల్టర్ సక్రమంగా ముగియలేదని, ముడి టెక్సిన్ఫో పాఠాన్ని చూపుతున్నామని ఒక హెచ్చరిక వచ్చి ఉంటుంది. దాన్ని చదివి ఉంటే సగం జవాబు అక్కడే దొరికేది. ఆక్టేవ్‌లో ప్రతి ఫంక్షన్ వివరణా టెక్సిన్ఫో పద్ధతిలోనే రాసి ఉంటుంది. మీరు హెల్ప్ అడిగినప్పుడల్లా ఆక్టేవ్ మేక్‌ఇన్ఫో అనే ప్రోగ్రామ్‌ను పిలిచి, దాన్ని మామూలు పాఠంగా మార్పించి చూపుతుంది. అంటే మేక్‌ఇన్ఫో కంపైల్ చేసే రోజుకే కాదు, మీరు ఆక్టేవ్ వాడే ప్రతి రోజుకూ కావాలి. ల్యాబ్ కంప్యూటర్‌లో అది లేదు. ఇలాంటి పరికరాన్ని కంపైల్ అవసరాల జాబితాలో మాత్రమే చూసి వదిలేయడం సాధారణంగా జరిగేదే.

సూడో లేకపోయినా దారి ఉంది. టెక్సిన్ఫో విడుదల కట్టను దించుకుని, కాన్ఫిగర్‌కు ప్రిఫిక్స్‌గా మీ హోమ్‌లోని డాట్ లోకల్‌ను ఇచ్చి, మేక్, మేక్ ఇన్‌స్టాల్ చేయండి. నేటి మేక్‌ఇన్ఫో పెర్ల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసినది, పెర్ల్ లేని లైనక్స్ ల్యాబ్ దాదాపు ఉండదు. తర్వాత ఆక్టేవ్‌లో మేక్‌ఇన్ఫో అండర్‌స్కోర్ ప్రోగ్రామ్ అనే ఫంక్షన్‌కు ఆ ఫైలు పూర్తి దారిని ఇవ్వండి. హోమ్‌లోని డాట్ ఆక్టేవ్‌ఆర్‌సీ ఫైలులో ఆ వాక్యాన్ని రాసిపెడితే ప్రతిసారీ టైప్ చేయనక్కర లేదు.

ఇక కాన్ఫిగర్ ఫైలు సంగతి. ప్రాజెక్టు వారు విడుదల చేసే టార్ కట్టకూ, వారి రిపాజిటరీ (సోర్స్‌ను మార్చుకుంటూ ఉంచే చోటు) నకలుకూ తేడా ఉంది. విడుదల కట్టలో కాన్ఫిగర్ స్క్రిప్టు, తయారుచేసిపెట్టిన మాన్యువల్, మ్యాన్ పేజీలు (టెర్మినల్‌లో చదివే సహాయ పుటలు) సాధారణంగా ఉంటాయి. రిపాజిటరీలో మనుషులు చేత్తో రాసిన ఫైళ్ళే ఉంటాయి, మిగతావన్నీ మీరే తయారుచేసుకోవాలి. అందుకే రిపాజిటరీ నుంచి కట్టేవారికి కాన్ఫిగర్ స్క్రిప్టును తయారుచేసే ఆటోకాన్ఫ్, టెక్సిన్ఫో, పీడీఎఫ్ కావాలంటే పుటలు కూర్చే టెక్ కూడా ఉండాలి. ప్రోగ్రామ్‌ను మార్చే ఉద్దేశం లేనప్పుడు విడుదల కట్టనే వాడండి. ఆక్టేవ్ కాన్ఫిగర్‌కు డిసేబుల్ డాక్స్ అని చెబితే ఈ గొడవంతా తప్పుతుందని ఎవరైనా చెప్పవచ్చు. అది నిజమే, కాని 1990ల మొదటినుంచి జాన్ ఈటన్, ఆయన సహచరులు ప్రతి ఫంక్షన్‌కూ ఉదాహరణలతో రాసుకుంటూ వచ్చిన పుస్తకం దానితో మీకు దూరమవుతుంది. నేర్చుకునే దశలో ఉన్న విద్యార్థి ఆ ఐచ్ఛికాన్ని వాడడం నాకు సమ్మతం కాదు. పరీక్షకు ముందురోజు రాత్రి హాస్టల్‌లో ఇంటర్నెట్ లేనప్పుడు మీకు అక్కరకు వచ్చేది ఆ పుస్తకమే.

కాన్ఫిగర్ చివర వచ్చే సారాంశాన్ని, హెచ్చరికలతో సహా, పూర్తిగా చదివే అలవాటు చేసుకోండి. సీమేక్ వాడే కేడీఈ ప్రోగ్రాముల్లో దొరికినవి, దొరకనివి, వాటిలో తప్పనిసరివి, ఐచ్ఛికమైనవి అని ఆ పట్టిక స్పష్టంగా వేరుచేసి వస్తుంది. మాన్యువల్ తయారుచేసే డాక్‌టూల్స్ ఐచ్ఛికమైనవాటిలో, దొరకని జాబితాలో కనిపించిందంటే, ప్రోగ్రామ్ చక్కగా కంపైల్ అవుతుంది, చేతిపుస్తకం మాత్రం తయారుకాదు. ఎర్రర్ రాదు కాబట్టి అక్కడ చూడకపోతే ఇక ఎక్కడా తెలియదు.

ప్రశ్న: కంపైల్ సగంలో ఉండగా కరెంటు పోయింది. మొత్తం మళ్ళీ చేయాలా? అలాగే, ఇలా ఇన్‌స్టాల్ చేసినదాన్ని తీసేయడం ఎలా?
— ఒక పాఠకురాలు, మడివాళ

సమాధానం: మళ్ళీ మేక్ అంటే చాలు. అది ఫైళ్ళ సమయాలను పోల్చి, అప్పటికే పూర్తయినవాటిని వదిలేసి మిగిలిన పనే చేస్తుంది. కరెంటు పోయిన క్షణంలో రాస్తున్న ఫైలు అసంపూర్ణంగా మిగిలి లింక్ దశలో ఎర్రర్ రావచ్చు. ఎర్రర్‌లో కనిపించిన ఆ ఒక్క ఆబ్జెక్ట్ ఫైలును తొలగించి మళ్ళీ నడపండి. నాలుగు జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్‌లో మేక్‌కు ఒకేసారి రెండు పనులకు మించి ఇవ్వకండి. బూస్ట్ లైబ్రరీని వాడే సీ ప్లస్ ప్లస్ ఫైళ్ళు మెమరీని బాగా తింటాయి.

తొలగించడానికి బిల్డ్ ఫోల్డర్‌ను దాచిపెట్టుకోవాలి. సీమేక్‌తో ఇన్‌స్టాల్ చేసినప్పుడు అందులో ఇన్‌స్టాల్ మానిఫెస్ట్ అనే టెక్స్ట్ ఫైలు తయారవుతుంది. ఏయే ఫైలు ఎక్కడికి వెళ్ళిందో అందులో వరుసగా రాసి ఉంటుంది; ఆ జాబితా చూసి ఆ ఫైళ్ళను తొలగించాలి. పుస్తకాలకు వేరే బిల్డ్ ఫోల్డర్ కాబట్టి వాటి మానిఫెస్ట్ కూడా వేరే. లెక్కల ప్రోగ్రామ్ అయితే తొలగించే ముందు, కొత్త వెర్షన్ వేసే ముందు, మీ ఖాతాల ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి నకలు తీసుకోండి.

ప్రశ్న: నేను తెలుగు ఉపాధ్యాయురాలిని. గ్నూక్యాష్ మెనూలు తెలుగులో చూడవచ్చా? వాటిలో తప్పులుంటే సరిదిద్దడానికి, పుస్తకాలను తెలుగు చేయడానికి ప్రోగ్రామింగ్ రావాలా?
— ఒక పాఠకురాలు, మల్లేశ్వరం

సమాధానం: చూడవచ్చు, ప్రోగ్రామింగ్ రానక్కర లేదు. గ్నూక్యాష్ సోర్స్‌లోని పీఓ ఫోల్డర్‌లో తెలుగు అనువాదాల ఫైలు ఉంది. కంపైల్ చేసేటప్పుడు గెట్‌టెక్స్ట్ పరికరాలు దాన్ని కంప్యూటర్ చదివే రూపానికి మారుస్తాయి. టెర్మినల్‌లో లాంగ్వేజ్ అనే వేరియబుల్‌కు టీఈ అనే విలువ ఇచ్చి గ్నూక్యాష్‌ను తెరిస్తే, అనువాదం ఉన్నంతమేరకు మెనూలు తెలుగులో వస్తాయి, లేనిచోట ఆంగ్లమే కనిపిస్తుంది. డెస్క్‌టాప్ లొకేల్ (భాష, ప్రాంతాల సెట్టింగు) వట్టి సీ అని ఉంటే ఈ వేరియబుల్ పనిచేయదు. సీ కాకుండా ఒక భాష పేరుతో ఉన్న యూటీఎఫ్‌8 లొకేల్ ఏదైనా ముందు ఎంచుకోవాలి.

పీఓ ఫైలును మామూలు టెక్స్ట్ ఎడిటర్‌లో తెరవవచ్చు, అనువాదాల కోసమే చేసిన పోఎడిట్‌లో అయితే ఇంకా సులువు. ప్రతి ఆంగ్ల వాక్యం కింద దాని తెలుగు ఉంటుంది. ‘ఫజీ’ అని గుర్తు ఉన్నవి, ఆంగ్లం మారాక ఎవరూ సరిచూడనివి. వాటిని ప్రోగ్రామ్ చూపదు. మీరు అక్కడినుంచే మొదలుపెట్టండి. శాతం గుర్తుతో మొదలయ్యే చిన్న సంకేతాలను ముట్టుకోకండి, వాటి స్థానంలో ప్రోగ్రామ్ పేర్లు, మొత్తాలు చేర్చుతుంది. సవరణ పూర్తయ్యాక ఎంఎస్‌జీఎఫ్‌ఎంటీ కమాండ్‌కు చెక్ ఐచ్ఛికం ఇచ్చి నడిపితే అలాంటి పొరపాట్లను వరుస సంఖ్యతో సహా చూపుతుంది. ఆ తర్వాత ప్రోగ్రామ్‌ను మళ్ళీ ఇన్‌స్టాల్ చేసి, మీ మాట చిన్న బటన్‌లో ఇముడుతోందో లేదో కళ్ళారా చూసుకోండి. గ్నూక్యాష్ అనువాదాలు వెబ్‌లేట్ అనే అనువాద వెబ్‌సైటు ద్వారా సాగుతున్నాయి కాబట్టి, సరిచూసిన వాక్యాలను అక్కడే చేర్చవచ్చు.

పుస్తకాల పని పెద్దది. మొత్తం గైడ్‌ను నెత్తిన వేసుకోవద్దు. డాక్స్ సోర్స్‌లో ఒక్కొక్క అధ్యాయం ఒక్కొక్క ఎక్స్ఎంఎల్ ఫైలుగా ఉంటుంది. జీఎస్‌టీ అధ్యాయాన్ని మాత్రం ముందు తీసుకుని, కోణపు కుండలీకరణాల్లో ఉన్నదాన్ని అలాగే వదిలి, మధ్యలోని పాఠాన్ని తెలుగు చేయండి. ఎక్స్ఎంఎల్‌లింట్ కమాండ్‌తో సరిచూసి హెచ్‌టీఎంఎల్‌గా తీస్తే, మొదటి ఉత్తరం రాసిన పాఠకురాలి నాన్నగారి వంటి దుకాణదారులకు వెంటనే పనికివస్తుంది. ప్రాజెక్టు వారికి పంపేముందు ఒక అకౌంటెంటు చేత ఒకసారి చదివించండి.